దమ్మిడీ మసీదు

"చేతిలో దమ్మిడీ లేదు."

ఈ మాట మనం ఎన్నోసార్లు అని ఉంటాం. ఎన్నోసార్లు విని ఉంటాం. కోపం వస్తే "వాడు దమ్మిడీకి కొరగాడు" అని కూడా అంటాం.

ఇంతకీ దమ్మిడీ అంటే ఏమిటి?

దమ్మిడీ ఒక నాణెం. చాలా చిన్న నాణెం. ఇప్పుడు అది ఏ దుకాణంలోనూ చెల్లదు. నాణెం పోయింది. మాట మాత్రం మన నోట మిగిలింది.

మాటతోపాటు ఒక మసీదు కూడా మిగిలింది. అది హైదరాబాదులో కార్వాన్ అనే చోట ఉంది. దాని పేరు టోలీ మసీదు. ఉర్దూలో టోలీ అంటే గుంపు. ఈ మసీదుకే ఇంకో పేరు దమ్రీ మసీదు. ఉర్దూవాళ్లు దమ్రీ అన్నా, మనం దమ్మిడీ అన్నా ఒకటే.

మసీదుకు నాణెం పేరు ఎందుకు వచ్చింది? ఆ కథ తెలుసుకుందాం.

బాట పక్క బస్తీ

నాలుగు వందల ఏళ్లకు ముందు ఈ ప్రాంతాన్ని కుతుబ్ షాహీ రాజులు ఏలారు. వాళ్ల రాజధాని గోల్కొండ కోట. కోటలో జనం పెరిగారు. చోటు చాలలేదు. అప్పుడు మూసీ నది అవతల కొత్త ఊరు కట్టాలనుకున్నారు.

నది దాటాలంటే వంతెన కావాలి గదా. ఇబ్రహీం కుతుబ్ షా 1578లో మూసీ మీద వంతెన కట్టించాడు. దాన్నే ఇప్పుడు పురానాపూల్ అంటారు. పురానా అంటే పాత. పూల్ అంటే వంతెన. ఆ తర్వాత 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించాడు. హైదరాబాదు నగరం పుట్టింది.

కోట ఒకవైపు. కొత్త నగరం ఇంకోవైపు. మధ్యలో బాట. ఆ బాట మీదే కార్వాన్ ఉంది. కార్వాన్ అంటే గుంపుగా ప్రయాణం చేసే వర్తకులు. ఒంటెల మీద, ఎద్దుల మీద సరుకు వేసుకుని వాళ్లు దేశాలు తిరిగేవారు. అలాంటివాళ్లు దిగే చోటు కాబట్టి ఆ పేరు వచ్చింది.

అప్పుడు గోల్కొండ వజ్రాలకు లోకమంతా పేరు. కృష్ణా నది ఒడ్డున కొల్లూరు గనుల్లో వజ్రాలు దొరికేవి. వాటిని కొనడానికి దూరదేశాల వర్తకులు గోల్కొండకు వచ్చేవారు. ఫ్రాన్సు దేశం నుంచి టావెర్నియర్ అనే వర్తకుడు వచ్చాడు. తాను చూసినవన్నీ పుస్తకంలో రాసి పెట్టాడు. అతను రాశాడు కాబట్టి ఆనాటి సంగతులు కొన్ని మనకు తెలిశాయి.

పెద్ద మసీదు పని

టావెర్నియర్ రాసిన వాటిలో ఒక సంగతి ఉంది. నగరంలో ఒక పెద్ద ప్రార్థన మందిరం కడుతున్నారని, ఎన్నో ఏళ్లయినా పని పూర్తి కాలేదని అతను రాశాడు. అదే మక్కా మసీదు. చార్మినార్ పక్కనే ఉంది.

మక్కా మసీదు పని 1617లో మొదలైంది. మొదలుపెట్టిన రాజు మహమ్మద్ కుతుబ్ షా. ఆయన 1626లో చనిపోయాడు. ఆయన కొడుకు అబ్దుల్లా కుతుబ్ షా రాజయ్యాడు. ఆయన 1672 దాకా ఏలాడు. అంటే 46 ఏళ్లు. అప్పటికీ మసీదు పూర్తి కాలేదు. అబ్దుల్లా తర్వాత తానీషా వచ్చాడు. 1687లో ఢిల్లీ చక్రవర్తి ఔరంగజేబు గోల్కొండను గెలిచాడు. చివరికి 1694లో, ఔరంగజేబు కాలంలో, పని ముగిసింది.

లెక్క వేసి చూడండి. 1617 నుంచి 1694 దాకా. మొత్తం 77 ఏళ్లు! పని మొదటి రోజు చూసిన పసిపిల్ల, పని ముగిసేసరికి ముసలవ్వ అయిపోయి ఉంటుంది.

ఇంత పెద్ద పనికి డబ్బు ఎంత కావాలి? రాళ్లకు డబ్బు. సున్నానికి డబ్బు. బండ్లకు డబ్బు. కూలీలకు డబ్బు. రోజూ డబ్బు పోతూనే ఉంటుంది. ఆ డబ్బుకు లెక్క చూసేవాళ్లు కావాలి.

రూపాయికి ఒక దమ్మిడీ

అబ్దుల్లా కుతుబ్ షా దగ్గర మీర్ మూసా ఖాన్ అనే అధికారి ఉండేవాడు. ఆయనను మహల్దార్ అనేవారు. మహల్దార్ అంటే రాజమహలు పనులు చూసే పెద్ద.

మక్కా మసీదు పని పెత్తనం మూసా ఖాన్‌కు అప్పగించారని చెప్తారు. ఖర్చయ్యే ప్రతి రూపాయికి ఒక దమ్మిడీ ఆయనకు వచ్చేదట. ఆ దమ్మిడీలను ఆయన సొంతానికి వాడుకోలేదట. అన్నీ కూడబెట్టి కార్వాన్‌లో ఒక చిన్న మసీదు కట్టించాడట. అందుకే అది దమ్మిడీ మసీదు అయింది.

దమ్మిడీల సంగతి జనం నోట నిలిచిన కథ. మసీదు కట్టించింది మూసా ఖాన్ అన్నదీ, కట్టిన ఏడు 1671 అన్నదీ చరిత్ర. ముస్లింల హిజ్రీ లెక్కలో అది 1082వ సంవత్సరం. కథ వేరు, చరిత్ర వేరు. రెండూ తెలుసుకోవాలి. ఏది ఏదో కూడా తెలుసుకోవాలి.

ఇక్కడ ఒక వింత చూడండి. రాజుల డబ్బుతో మొదలైన పెద్ద మసీదు 1694లో పూర్తయింది. దమ్మిడీలతో కట్టారనే చిన్న మసీదు 1671లోనే లేచింది. అంటే పెద్దదానికన్నా 23 ఏళ్ల ముందే!

దమ్మిడీ లెక్క

దమ్మిడీ ఎంత చిన్నది? కుతుబ్ షాహీల నాటి లెక్క వేరు. బ్రిటిషు వారి రూపాయి కాలంలో మన పెద్దవాళ్లు చెప్పిన లెక్క ఇది:

3 దమ్మిడీలు = 1 కాణీ
4 కాణీలు = 1 అణా
16 అణాలు = 1 రూపాయి

అంటే రూపాయికి 192 దమ్మిడీలు. 1957లో కొత్త పైసలు వచ్చాయి. రూపాయికి 100 పైసలు అయ్యాయి. దమ్మిడీ, కాణీ పోయాయి.

ఈ లెక్కతో చూస్తే 192 రూపాయల ఖర్చుకు ఒక్క రూపాయి మిగులుతుంది. 1,920 రూపాయల ఖర్చుకు 10 రూపాయలు. 19,200 రూపాయల ఖర్చుకు 100 రూపాయలు. చిన్న నాణెమే. కానీ ఏళ్ల తరబడి ఆగకుండా పడితే గుట్ట అవుతుంది.

ఇది లంచం కాదా?

ఒక బస్తీలో రాత్రి పూట చదువుకునే ఆడవాళ్లు ఈ కథ చదివారు. చదవడం అయిపోయింది. పుస్తకాలు మూయబోతున్నారు. కూరగాయలు అమ్మే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగుండ్రి. నాకొక అనుమానం. రూపాయికి దమ్మిడీ తీసుకుండంటే అది లంచమే గదా?"

కుట్టుపని చేసే ఆపా మసీదు పక్క గల్లీలోనే పుట్టింది. ఆమెకు కోపం వచ్చింది.

"లంచం ఎట్లయితది అక్కా? దొంగతనంగ తీసుకున్నడా? రాజుకు తెలిసే ఇచ్చిండని మా నాన్నమ్మ చెప్పేది. తెచ్చి మసీదు కట్టిండు. ఇంట్ల దాచుకోలేదు."

"మంచి పనికి పెడితే దొంగ సొమ్ము మంచి సొమ్ము అయితదా?" అంది అక్క.

"కాదు. కానీ ఇది దొంగ సొమ్ము కాదంటున్న."

బీడీలు చుట్టే పెద్దమ్మ నవ్వింది.

"ఇద్దరూ ఒక్కటే మాట చెప్తున్నరు బిడ్డా. అందరికీ తెలిసి తీసుకుంటే అది కూలి. తెలియకుండ తీసుకుంటే అది లంచం. దమ్మిడీ ఒక్కటే. తీసుకునే తీరు వేరు."

అందరూ సరే అన్నారు. అప్పుడు వెనక కూర్చున్న ఒక చెల్లె మెల్లగా అంది. ఆమె ఎప్పుడూ ఎక్కువ మాట్లాడదు.

"మరి మన సంఘంల నెలకు తలా అయిదు రూపాయలు తీసుకుంటున్నం గదా. అది ఏ లెక్కల రాస్తున్నం?"

ఒక్కసారి అంతా నిశ్శబ్దం.

వాళ్లది 12 మంది పొదుపు సంఘం. సంఘం లీడరమ్మ నెలనెలా బ్యాంకుకు వెళ్లి డబ్బు కట్టి వస్తుంది. ఆటో ఖర్చుకని తలా 5 రూపాయలు ఇస్తారు. ఎవరూ అడగలేదు. ఎక్కడా రాయలేదు.

లీడరమ్మ ముఖం ఎర్రబడింది.

"నేను తిన్ననంటవా?"

"లేదు వదినా. నువ్వు తిన్నవని అనలేదు. రాయలేదని అన్న."

పెద్దమ్మ లెక్క వేయమంది. 12 మంది. తలా 5 రూపాయలు. నెలకు 60 రూపాయలు. ఏడాదికి 720 రూపాయలు. పోను రాను ఆటోకు 40 రూపాయలు అవుతాయి. నెలకు 20 రూపాయలు మిగులుతున్నాయి.

లీడరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "బ్యాంకుకు పోయిన రోజు నాకు సగం రోజు కూలి పోతది. ఆ 20 రూపాయలు దానికి ఏ మూలకు సరిపోతయి? మీరెవరన్న అడిగిండ్రా?" అంది.

నిజమే. ఆ సంగతి కూడా ఎవరూ ఆలోచించలేదు.

కూరగాయల అక్క లేచి పుస్తకం తెచ్చింది. "నీ కష్టం కూడ రాద్దాం వదినా. రాస్తేనే నీకూ మంచిది, మాకూ మంచిది" అంది. ఆ రాత్రే పుస్తకంలో రెండు వరుసలు కొత్తగా రాశారు. ఆటో ఖర్చు 40 రూపాయలు. లీడరు పనికి 20 రూపాయలు. కింద 12 మంది సంతకాలు పెట్టారు. వేలిముద్ర ఒక్కటి కూడా లేదు.

లీడరమ్మ చివర్లో సంతకం పెట్టింది. "ఇన్ని రోజులు మనసుల ముల్లు ఉండె. ఇయ్యాల పోయింది" అంది.

మసీదు చూద్దాం

ఆ ఆదివారం ఆపా అందరినీ కార్వాన్‌కు తీసుకుపోయింది.

చుట్టూ ఇళ్లు, దుకాణాలు. మధ్యలో ఎత్తయిన అరుగు మీద మసీదు. రెండు వైపులా రెండు మినార్లు. ముందు వరుసలో అయిదు కమానులు. లోపలి గదికి మూడు కమానులు. కమాను అంటే విల్లులా వంగిన ద్వారం. మినార్ల మీద, గోడల మీద గారతో చేసిన పూల పని ఉంది. గార అంటే మెత్తగా నూరిన సున్నం పూత.

ఆ కాలంలో సిమెంటు లేదు. రాయిని సున్నంతో అతికేవారు. సున్నాన్ని గానుగలో వేసి ఎద్దులతో తిప్పి నూరేవారు. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారని పాత మేస్త్రీలు చెప్తారు. మెత్తగా నూరిన సున్నం ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. అందుకే ఆనాటి కట్టడాలు ఇంకా నిలిచాయి.

"ఇది చిన్నదే. కానీ ఎంత సన్నని పని!" అంది కూరగాయల అక్క. మక్కా మసీదు పెద్దది. పదివేల మంది ఒకేసారి నమాజు చేయగలరు. అక్కడ గొప్పతనం పెద్ద పెద్ద రాళ్లలో ఉంది. ఇక్కడ గొప్పతనం చేతి పనిలో ఉంది.

పెద్దమ్మ ఎప్పుడూ మసీదు దగ్గరికి రాలేదు. ఆమె అడిగింది, ఆపా చెప్పింది.

"లోపల విగ్రహం ఉండదా బిడ్డా?"

"ఉండదు పెద్దమ్మా. పడమటి గోడకు గూడులాంటిది ఉంటది. దాన్ని మిహ్రాబ్ అంటరు. మక్కా మనకు పడమర దిక్కున ఉంది. ఆ దిక్కుకు తిరిగి నమాజు చేస్తరు."

"రోజుకు ఎన్నిసార్లు?"

"అయిదుసార్లు. తెల్లారకముందు, మధ్యాహ్నం, సాయంత్రం, పొద్దుగూకినంక, రాత్రి. ముందు చేతులు, నోరు, ముఖం, కాళ్లు కడుక్కుంటరు. దాన్ని వజూ అంటరు. పిలుపు ఇచ్చేటాయన మౌజన్. ముందు నిలబడి నమాజు చేయించేటాయన ఇమామ్."

"మరి ఆడోళ్లు?"

"చానామంది ఇంట్లనే చేసుకుంటం. కొన్ని మసీదులల్ల ఆడోళ్లకు వేరే చోటు ఉంటది."

పెద్దమ్మకు ఒక సంగతి గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఆమెకు జ్వరం వస్తే వాళ్లమ్మ మసీదు వాకిట్లో నిలబడేది. నమాజు చేసి వచ్చేవాళ్లు బిడ్డ ముఖం మీద దువా చదివి ఊదేవారు. వాకిట్లో హిందువుల పిల్లలు, ముస్లింల పిల్లలు పక్కపక్కనే ఉండేవారు. ఇప్పటికీ చాలా ఊళ్లలో తల్లులు అలా నిలబడతారు. దువా తల్లి మనసుకు ధైర్యం. దాంతోపాటు బిడ్డను ఆసుపత్రికి కూడా తీసుకుపోవాలి. రెండూ మరవకూడదు.

ఎవరి పేరు నిలిచింది?

తిరిగి వస్తూ చెల్లె అడిగింది. "కట్టించినాయన పేరు ఉంది. రాళ్లు మోసినోళ్ల పేర్లు ఏవి?"

రాయి కొట్టినవాళ్లు, సున్నం నూరినవాళ్లు, గారతో పూలు దిద్దినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల చేతి పని ఉంది. వాళ్ల పేర్లు లేవు. పేరు రాసుకోగలిగినవాళ్లదే, రాయించుకోగలిగినవాళ్లదే నిలిచింది.

ఆ కాలంలో ఒక ఆడమనిషి పేరు మాత్రం గట్టిగా నిలిచింది. ఆమె హయాత్ బక్షీ బేగం. అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. కొడుకు పన్నెండేళ్లకే రాజయ్యాడు. అప్పుడు రాజ్య వ్యవహారాలు ఆమె చూసింది. హైదరాబాదుకు తూర్పున ఆమె ఒక మసీదు, బాటసారులకు సరాయి, పెద్ద బావి కట్టించింది. ఆ చోటును ఈనాటికీ ఆమె పేరుతో హయత్‌నగర్ అంటున్నాం.

మన దమ్మిడీ

దమ్మిడీలు కూడబెట్టడం పాత కథే కాదు. మన కాలంలోనూ జరిగింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ పోరాటం జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకింది. 1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు. ఆ తర్వాత నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రోజుకు ఒక రూపాయి దాచడం మొదలుపెట్టారు. దానికి పొదుపు లక్ష్మి అని పేరు. సారా దుకాణానికి పోయే రూపాయి ఇంటికి మళ్లింది.

రోజుకు ఒక రూపాయి అంటే నెలకు 30 రూపాయలు. ఏడాదికి 365 రూపాయలు. 12 మంది కలిస్తే ఏడాదికి 4,380 రూపాయలు.

చిన్న నాణెం అని చిన్నచూపు చూడొద్దు. చిన్న నాణేనికి లెక్క రాయకుండా ఉండొద్దు. కూడబెట్టిన దమ్మిడీ మసీదు అయింది. రాసి పెట్టిన దమ్మిడీ నమ్మకం అవుతుంది.

కొత్త మాటలు

మహల్దార్: రాజమహలు పనులు చూసే అధికారి
కమాను: విల్లులా వంగిన ద్వారం
మినారు: మసీదుకు ఉండే ఎత్తయిన స్తంభం
సరాయి: బాటసారులు దిగే సత్రం
దువా: దేవుణ్ణి వేడుకోవడం
హిజ్రీ: ముస్లింల సంవత్సర లెక్క

చదివి చెప్పండి

1. కార్వాన్ అనే పేరు ఎందుకు వచ్చింది?
2. మక్కా మసీదు ముందు పూర్తయిందా? టోలీ మసీదు ముందు పూర్తయిందా?
3. ఈ పాఠంలో కథ ఏది? చరిత్ర ఏది?
4. లీడరమ్మ తప్పు చేసిందా? సంఘం తప్పు చేసిందా? మీరేమంటారు?

లెక్క చేయండి

1. మీ సంఘంలో ఎంతమంది ఉన్నారు? రోజుకు తలా 2 రూపాయలు దాస్తే నెలకు ఎంత అవుతుంది?
2. టోలీ మసీదు 1671లో కట్టారు. ఇప్పటికి ఎన్నేళ్లయింది?

రాయండి

మీ బస్తీలో పాత గుడి, మసీదు, చర్చి, దర్గా, బావి ఏదైనా ఉందా? దాన్ని ఎవరు కట్టించారు? మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లు చెప్పింది అయిదు వాక్యాల్లో రాయండి. కింద మీ పేరు రాసి సంతకం పెట్టండి.